గాస్పెల్ పుట్టిల్లు షికాగో

"గాస్పెల్ సంగీతం ఎలా పుట్టింది? బానిసలు పత్తి చేలలో పాడుకున్న పాటలే గాస్పెల్ అంటారు, నిజమేనా? కొత్తగా వినేవాళ్లు ఎక్కడ మొదలుపెట్టాలి?" అని అడిగారు.

పత్తి చేల కథ సగమే నిజం. అందరూ ఆ సగాన్నే పట్టుకుని వేలాడతారు కాబట్టి నేను మిగతా సగం గురించే ఎక్కువ రాస్తాను. ఒంగోలు దగ్గర బాప్టిస్టు కుటుంబంలో పుట్టి పెరిగాను. నర్సు ఉద్యోగం మీద షికాగో వచ్చి ఇక్కడే స్థిరపడ్డాను. ఈ నగరం దక్షిణ భాగంలోని నల్లజాతివారి చర్చిల్లో ఎన్నో ఆదివారాలు గడిపాను. నా అభిప్రాయం ముందే చెప్పేస్తున్నాను. గాస్పెల్ అంటే అమెరికా నల్లజాతి క్రైస్తవుల చర్చి పాట. అది పేరూ ఊరూ ఉన్న మనుషులు, పెద్ద నగరంలో, 1930లలో, పని తెలిసి తయారుచేసిన సంగీతం. దాన్ని అచ్చువేశారు, అమ్మారు, రాత్రుళ్లు సాధన చేశారు, దాని కోసం సంఘ పెద్దలతో తగవులు పడ్డారు. కష్టాల్లో ఉన్నవాళ్ల గుండెల్లోంచి దానంతటదే పొంగుకొచ్చింది అనే మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. అలా అనేవాళ్లు పొగుడుతున్నాం అనుకుంటారు, కానీ ఆ కళాకారుల పనితనాన్ని లెక్కలోంచి తీసేస్తున్నారు.

చేలలోనూ, యజమానుల కంటపడకుండా చెట్ల మధ్య జరుపుకున్న రాత్రి కూడికల్లోనూ పుట్టినవాటిని స్పిరిచువల్స్ అంటారు. వాటిని ఎవరు కట్టారో తెలియదు. చేతులూ కాళ్లే తాళం. బానిసత్వం పోయాక వాటిని లోకానికి వినిపించింది నాష్‌విల్‌లో నల్లజాతివారి కోసం పెట్టిన ఫిస్క్ విద్యాసంస్థ విద్యార్థులు. 1866లో మొదలైన ఆ విద్యాసంస్థ కొన్నేళ్లకే అప్పుల్లో కూరుకుపోయింది. అక్కడ సంగీతం నేర్పుతూ కోశాధికారిగా కూడా పనిచేసిన జార్జి వైట్ 1871 అక్టోబరులో తొమ్మిదిమంది విద్యార్థులను వెంటబెట్టుకుని ఊరూరా కచేరీలకు బయలుదేరాడు. 1873లో ఆ బృందం ఇంగ్లండులో విక్టోరియా రాణి ముందు పాడింది. కచేరీల సంపాదనతో కట్టిన జూబిలీ హాల్ ఇప్పటికీ నిలిచి ఉంది. గొప్ప చరిత్రే, కాదనను. అయితే వాళ్లు నిటారుగా నిలబడి, స్వరాలు చక్కగా సరిచేసుకుని, కచేరీ మర్యాదలో పాడేవారు. గాస్పెల్ వినబడేచోట ఎవరూ కదలకుండా కూర్చోలేరు. ఆ రెంటికీ మధ్య అరవై ఏళ్లూ, వందల మైళ్ల రైలు ప్రయాణమూ ఉన్నాయి.

గాస్పెల్‌కు ఇంకో తల్లివేరు ఉంది, దాన్ని చాలామంది తలవనైనా తలవరు. దక్షిణాది రాష్ట్రాల్లో చాలాచోట్ల బానిసలకు చదువు చెప్పడం చట్టరీత్యా నేరం. కీర్తనల పుస్తకం చేతికిచ్చినా చదవలేరు. అందుకని ఒకరు ఒక్కో చరణం పైకి చెప్పేవారు, సంఘమంతా దాన్ని అందుకుని, సాగదీసి, తిప్పి తిప్పి పాడేది. ఇంగ్లండుకు చెందిన ఐజాక్ వాట్స్ 18వ శతాబ్దంలో రాసిన కీర్తనలు అందులో ఎక్కువ కాబట్టి వాటికి డాక్టర్ వాట్స్ పాటలనే పేరు పడింది. మాటలు ఆయనవి, ఆ సాగదీత మాత్రం పూర్తిగా వీళ్లది. ఒక ముసలి డీకన్ అలా చరణం అందిస్తుంటే మొదటిసారి విన్నప్పుడు మా అమ్మమ్మగారి ఊరి చర్చి గుర్తుకొచ్చింది. అక్కడ పుస్తకం చదవగలిగింది ఉపదేశి ఒక్కరే. ఆయన ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం తెరిచి చరణం చెబితే, పొలం పని ముగించుకుని వచ్చిన ఆడవాళ్లు కంజీర, తాళాలతో అందుకునేవారు. పురుషోత్తమ చౌదరి 19వ శతాబ్దంలో కట్టిన కీర్తనలు మా అమ్మమ్మకు ఎన్నో కంఠతా వచ్చు. ఆమెకు సంతకం చేయడం కూడా రాదు. అందుకే ఈ పాటల విషయంలో చదువురానితనాన్ని జాలిగా చూసేవాళ్లతో నాకు పడదు. విని నేర్చుకోవడం కూడా చదువే.

ఇప్పుడు షికాగోకు వద్దాం. 1910లో ఈ నగరంలో నల్లజాతివారు సుమారు 44 వేలమంది. 1930 నాటికి సుమారు 2 లక్షల 34 వేలమంది. మిసిసిపీ, అలబామా, జార్జియాల్లో మూక హత్యలూ, ఎంత చేసినా తీరని కౌలు అప్పులూ. ఇక్కడేమో కబేళాల్లో, ఉక్కు కర్మాగారాల్లో నెల తిరిగేసరికి జీతం. రైలెక్కి వచ్చేశారు. కానీ ఇక్కడ అప్పటికే స్థిరపడిన నల్లజాతివారి పెద్ద చర్చిల్లో హాండెల్, మొజార్ట్ లాంటి ఐరోపా శాస్త్రీయ సంగీతకారుల పాటలు పాడితేనే గౌరవం. చప్పట్లు కొడితే, బిగ్గరగా స్తుతిస్తే మొరటువాళ్లని చూసేవారు. కొత్తగా వచ్చినవాళ్లు మూతపడిన దుకాణాలు అద్దెకు తీసుకుని అందులోనే ఆరాధన పెట్టుకున్నారు. 1906లో లాస్ ఏంజెలెస్‌లోని అజూసా వీధిలో విలియం సేమూర్ నడిపిన కూడికల తరువాత పెంతెకొస్తు సంఘాలు విస్తరించాయి, వాటిలో డ్రమ్ములూ, టాంబరీన్లూ, పియానో అన్నీ చెల్లేవి. టెక్సాస్ నుంచి వచ్చిన అంధ కళాకారిణి అరిజోనా డ్రేన్స్ 1926లో ఇక్కడే రికార్డులిచ్చింది. ఆ పియానో వింటే సారాయి దుకాణంలో వాయించే చేతులే దేవుడి కోసం వాయిస్తున్నాయని తెలిసిపోతుంది.

ఈ రెండు లోకాలనూ ఒక్కటి చేసినవాడు థామస్ డార్సీ. 1899లో జార్జియా రాష్ట్రంలోని విల్లా రికాలో పుట్టాడు. తండ్రి బాప్టిస్టు బోధకుడు, తల్లి చర్చిలో ఆర్గను వాయించేది. కొడుకు మాత్రం చర్చి బయటి నల్లజాతివారి పాట అయిన బ్లూస్‌లో పడ్డాడు. జార్జియా టామ్ అనే పేరుతో 1924 నుంచి 'మా రేనీ' (Ma Rainey) అనే బ్లూస్ గాయని బృందంలో పియానో వాయించాడు. 1928లో గిటారు కళాకారుడు టాంపా రెడ్‌తో కలిసి చేసిన ఒక కొంటె పాట దేశమంతా మార్మోగింది. అలాంటివాడు బ్లూస్ నడకనూ, స్వరాలను వంచే పద్ధతినీ దేవుడి పాటలోకి తెచ్చాడు. సంఘ పెద్దలు ఊరుకుంటారా? అమెరికాలోని మంచి మంచి చర్చిల నుంచి నన్ను గెంటేశారని తరువాతి కాలంలో ఆయనే చెప్పుకున్నాడు. 1931లో ఎబెనెజర్ బాప్టిస్టు చర్చి పాస్టరు పిలిచి, నా సంఘంలో దక్షిణాది పాట వినబడాలి, ఒక గాస్పెల్ బృందం కట్టండి అని డార్సీకీ, గాయకుడు థియడోర్ ఫ్రైకీ అప్పగించాడు. మరుసటి ఏడాది పిల్‌గ్రిమ్ బాప్టిస్టు చర్చి డార్సీని సంగీత నిర్వాహకుడిగా పెట్టుకుంది, ఆయన దశాబ్దాల పాటు అక్కడే ఉన్నాడు. ఆ భవనం మొదట యూదుల ప్రార్థనా మందిరం, ఆడ్లర్, సల్లివాన్ అనే పేరుమోసిన వాస్తుశిల్పుల నిర్మాణం. 2006 జనవరిలో పైకప్పు మరమ్మతులు జరుగుతుండగా మంటలు రేగి లోపలంతా కాలిపోయింది. ఆ వీధిలో వెళ్తూ మిగిలిన రాతి గోడలు చూసినప్పుడల్లా నాకు కోపం వస్తుంది. ఒక సంగీతం ఊపిరి పోసుకున్న చోటును ఇంతకంటే భద్రంగా చూసుకోవాల్సింది.

1932 ఆగస్టులో డార్సీ సెయింట్ లూయీలో కూడికల్లో పాడుతుండగా, ప్రసవంలో భార్య చనిపోయిందని తంతి వచ్చింది. ఆయన తిరిగి వచ్చాక బిడ్డ కూడా దక్కలేదు. ఆ దుఃఖంలో కట్టినదే 'టేక్ మై హ్యాండ్, ప్రెషస్ లార్డ్'. ఈ కథను దుఃఖమే పాట రాసింది అన్నట్టు చెబుతారు. పాట రాసింది పదిహేనేళ్లుగా పియానో ముందు కూర్చుని చేతులు అరగదీసుకున్న మనిషి. అప్పటికే చర్చిల్లో ఉన్న ఒక పాత కీర్తన బాణీ తీసుకుని, దాని నడకను బాగా నెమ్మది చేసి, పాడేవాళ్లు ఊపిరి తీసుకుని తమ సొంత సంగతి వేసుకోవడానికి చోటు వదిలాడు. దుఃఖం చాలామందికి వస్తుంది, ఆ చోటు ఎక్కడ వదలాలో కొద్దిమందికే తెలుస్తుంది.

శాలీ మార్టిన్ పేరు మీరు విని ఉండరు. ఆమె గొంతు నున్ననిది కాదు, స్వరలిపి చదవడం రాదు, డార్సీకి మొదట ఆమె పాట నచ్చనూ లేదు. కానీ ఆయన డబ్బు వ్యవహారం ఎంత అస్తవ్యస్తంగా ఉందో చూసి లెక్కలు చేతిలోకి తీసుకుంది. ఊరూరా తిరిగి పాడింది, పాట అచ్చు కాగితాలు అమ్మించింది, చోటుచోటా బృందాలు కట్టించింది. డార్సీ, ఆమె, మరికొందరు కలిసి 1932లో మొదలుపెట్టిన గాస్పెల్ బృందాల జాతీయ సమాఖ్య ఇప్పటికీ నడుస్తోంది. 1940లో సంగీతకారుడు కెనెత్ మోరిస్‌తో కలిసి ఆమె సొంతంగా పాటల ప్రచురణ సంస్థ పెట్టింది. ఒక నల్లజాతి మహిళ ఆ రోజుల్లో ప్రచురణకర్త అయిందంటే ఆ ఒక్క విషయం మీదే పుస్తకాలు రావాలి. చరిత్ర చెప్పేవాళ్లు మాత్రం డార్సీ కన్నీళ్ల దగ్గరే ఆగిపోతారు.

ఈ విషయంలో ఇంత పట్టుదలగా ఎందుకు మాట్లాడుతున్నానో చెప్పాలంటే ఒక సాయంత్రం గురించి చెప్పాలి. నేను పనిచేసే వార్డులోనే ఉన్న ఒక సీనియర్ నర్సు వాళ్ల చర్చి క్వయర్‌లో, అంటే గాయక బృందంలో, ఆల్టో (ఆడవాళ్ల కింది స్థాయి గొంతు) పాడుతుంది. ఆమె పిలిస్తే చాలాసార్లు ఆదివారం కూడికకు వెళ్లాను. ఒకరోజు, "నీకు నిజంగా పాట మీదే మనసుంటే గురువారం రా, అమ్మా" అంది. గురువారం సాయంత్రం సాధన ఉంటుంది. డ్యూటీ దిగి ఆమె కారులోనే వెళ్లాను.

చర్చి కింది అంతస్తులో మడత కుర్చీలు మూడు గుంపులుగా వేసి ఉన్నాయి. సిటీ బస్సు నడిపే ఆయన యూనిఫాంతోనే వచ్చాడు. ఒక టీచరు దిద్దాల్సిన పేపర్లు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఎవరి చేతిలోనూ పాట కాగితం లేదు. క్వయర్ నిర్వాహకుడు ముప్పై దాటని యువకుడు. సొప్రానోల, అంటే పై స్థాయి ఆడగొంతుల, భాగం తానే పాడి వినిపించాడు, వాళ్లు తిరిగి పాడారు. తరువాత ఆల్టోలకు, ఆ తరువాత మగగొంతుల టెనర్లకు. మూడూ కలిపాడు, వెంటనే చేయెత్తి ఆపాడు. ఒక పదం చివర ఆల్టోలు పై స్వరం నుంచి కిందికి జారాలి. కొందరు ముందే జారుతున్నారు, కొందరు జారకుండా దూకుతున్నారు. అతను చూపుడువేలితో గాలిలో వంపు గీసి చూపించాడు. మళ్లీ పాడించాడు. విడివిడిగా ఒక్కొక్కరితో పాడించాడు. ఎవరూ విసుక్కోలేదు, రోజంతా పనిచేసి వచ్చినవాళ్లు ఆ ఒక్క పదం కోసం అలా కూర్చున్నారు.

గోడ పక్కన చేతికర్ర ఆనించుకుని ఒక పెద్దావిడ కూర్చుని ఉంది. ఎనభై దాటి ఉంటాయి. సంఘంలో అంత వయసూ గౌరవమూ ఉన్న స్త్రీని అక్కడ మదర్ అని పిలుస్తారు. ఆమె ఏమీ మాట్లాడకుండా కుడికాలి మడమతో నేల మీద తట్టడం మొదలుపెట్టింది. నల్లటి తోలు బూటు, మడమ ఒకవైపు అరిగి వాలి ఉంది. అప్పటిదాకా వాళ్లు పాడుతున్న వేగం కంటే ఆ దెబ్బ నిదానంగా పడుతోంది. ముందు డ్రమ్ముల దగ్గరి అబ్బాయి గమనించాడు. పుల్లలు ఆపి, ఆ బూటు మీదే చూపు నిలిపి, మళ్లీ అందుకున్నాడు. ఆర్గను వాయించే ఆయన వెనక్కి తిరగకుండానే వేగం తగ్గించాడు. నిర్వాహకుడు ఆమె వైపు తల వంచి చేయి ఊపాడు. ఆ నిదానంలో ఆల్టోలకు జారడానికి చోటు దొరికింది. పదం కుదిరింది.

ఇక ఆపలేదు. పాట చివరి చిన్న వాక్యాన్ని పట్టుకుని తిప్పడం మొదలుపెట్టారు. అతని వేలు గాలిలో గుండ్రంగా తిరుగుతున్నంతసేపూ అదే వాక్యం. చేయి పైకి చూపితే శ్రుతి అరమెట్టు పైకి వెళ్తుంది, మళ్లీ అదే వాక్యం, ఇంకో అరమెట్టు. బస్సు డ్రైవరు కుర్చీలోంచి లేచిపోయాడు. టీచరు ఒళ్లోని పేపర్లు నేల మీద పరుచుకున్నాయి, ఆమె చూసుకోలేదు. అలా పొంగడం మీరు వీడియోల్లో చూసి ఉంటారు. ఆ పొంగుకు ముందు ఒక పదాన్ని అరగదీసిన గంటను ఎవరూ వీడియో తీయరు.

సాధన అయ్యాక ఆ మదర్ పక్కన కూర్చున్నాను. ఆమె బైబిలు మధ్యలోంచి నాలుగు మడతల కాగితం తీసి విప్పింది. అచ్చువేసిన పాట. మడతల దగ్గర చిరిగి, జిగురు కాగితం అంటించి ఉంది. ఊపిరి ఎక్కడ తీసుకోవాలో పెన్సిలు గీతలు పెట్టి ఉన్నాయి. వాళ్లమ్మ ఇతరుల ఇళ్లలో బట్టలు ఉతికి సంపాదించిన చిల్లరలోంచి ఆ కాగితాలు కొనేదట. "ఇవి చేలో ఏరుకున్నవి కావు, డబ్బులిచ్చి కొన్నాం, కూర్చుని నేర్చుకున్నాం" అంది. గాస్పెల్ ఎలా పుట్టిందని ఎవరు అడిగినా నేను మొదట ఈ మాటే చెబుతాను.

ఆర్గను సంగతి కూడా చెప్పాలి, లేకపోతే సగం కథ వదిలేసినట్టే. పైపులున్న పెద్ద ఆర్గను కొనడం పేద సంఘాల తరం కాదు. షికాగోలోనే లారెన్స్ హామండ్ 1935లో విద్యుత్ ఆర్గను తయారుచేసి అమ్మకానికి పెట్టాడు. 1939లో ఫస్ట్ చర్చ్ ఆఫ్ డెలివరెన్స్‌లో కెనెత్ మోరిస్ దాన్ని గాస్పెల్‌కు వాడాడు. స్వరం మీద వేలు ఉన్నంతసేపూ శబ్దం ఆగకుండా సాగుతుంది. అందుకే బోధకుడు మాట్లాడుతుంటే కింద మూలుగుతూ ఉండటానికీ, మాట పాటగా మారేచోట ఒక్కసారిగా లేవడానికీ అది సరిపోయింది.

ఆ తరువాత పేర్లు మీకు కొంత తెలిసే ఉంటాయి. న్యూ ఆర్లీన్స్ నుంచి పదహారేళ్ల వయసులో వచ్చిన మహేలియా జాక్సన్ డార్సీ పాటలు వీధి మలుపుల్లో పాడి చూపిస్తూ ఎదిగింది. 1947లో రికార్డు చేసిన పాటతో దేశమంతా ఆమెను విన్నది. 1963 ఆగస్టు 28న వాషింగ్టన్ సభలో మార్టిన్ లూథర్ కింగ్ రాసుకొచ్చిన ప్రసంగం చదువుతుంటే, ఆ కల గురించి చెప్పమని వెనక నుంచి కేకవేసింది ఆమే. 1968లో కింగ్ అంత్యక్రియల్లో డార్సీ కట్టిన 'ప్రెషస్ లార్డ్' పాడిందీ ఆమే. 1971లో ఆమె మన దేశం వచ్చి కలకత్తా, ఢిల్లీ, బొంబాయి, మద్రాసుల్లో పాడింది. మద్రాసు దాకా వచ్చిన ఆ గొంతు గురించి మన తెలుగు సంఘాల్లో ఎవరూ మాట్లాడుకోగా నేను వినలేదు.

ఎలక్ట్రిక్ గిటారు భుజాన వేసుకుని 1940లలోనే రాక్ సంగీతానికి దారివేసిన సిస్టర్ రోజెటా థార్ప్ 1973లో చనిపోతే, దశాబ్దాల పాటు ఆమె సమాధికి పేరు చెక్కిన రాయి కూడా లేదు. రాక్ కళాకారుల గౌరవ మందిరంలోకి ఆమెను 2018లో చేర్చుకున్నారు. ఆమెను విని నేర్చుకున్న మగవాళ్లకు అంతకు ముప్పై ఏళ్ల ముందే ఆ గౌరవం దక్కింది. గాయకుడు సామ్ కుక్ సోల్ స్టిరర్స్ అనే గాస్పెల్ బృందంలో పాడుతూ పాడుతూ 1957లో ప్రేమపాటలకు మారాడు, ఇంకో గాయకుడు రే చార్లెస్ అంతకుముందే 1954లో ఒక గాస్పెల్ పాటను ప్రేయసి పాటగా మార్చేశాడు. ఇలా పుట్టిన ప్రేమపాటల బాణీనే సోల్ అంటారు, ఆ సంగీతమంతా చర్చి గుమ్మం దాటి వెళ్లినదే.

మన దగ్గర జరుగుతున్నది కూడా చెప్పకపోతే నాకు నిద్రపట్టదు. ఊరికి వెళ్లినప్పుడల్లా చూస్తున్నాను. గది చిన్నది, స్పీకర్లు మనిషెత్తు. కీబోర్డులో ముందే నింపిపెట్టిన తాళం మీట నొక్కితే మోగుతుంది, దాని మీద సినిమా బాణీలో స్తుతి. గాస్పెల్ నైట్ అని బ్యానరు. చౌదరిగారి కీర్తనలు పిల్లలకు ఒక్కటీ రాదు. షికాగోవాళ్లు చేసింది ఇందుకు పూర్తిగా తిరగబడ్డ పని. తమ వీధిలో, తమ తల్లుల నోట ఉన్న పాట నడకను తెచ్చి, సిగ్గుపడకుండా గుడి మధ్యలో నిలబెట్టారు. వాళ్లను అనుకరించాలనుకుంటే కంజీర పట్టుకున్న మన అమ్మమ్మల దగ్గర మొదలుపెట్టాలి.

ఎక్కడ మొదలుపెట్టాలన్న ప్రశ్నకు నా జవాబు: ముందు 1926 నాటి అరిజోనా డ్రేన్స్. శబ్దం గరగరలాడుతుంది, ఓపికపట్టండి, ఎడమచేయి ఏం చేస్తోందో వినండి. తరువాత 1940ల చివరి మహేలియా, పెద్ద వాద్యబృందాలు చేరకముందు కేవలం పియానో, ఆర్గనుతో పాడినవి. సామ్ కుక్ చేరాక సోల్ స్టిరర్స్ 1950లలో చేసినవి. ఎడ్విన్ హాకిన్స్ బృందం 1969లో రేడియోల్లో ఊపేసిన పాట ఎలాగూ మీ చెవిన పడి ఉంటుంది, దానికి నేను చెప్పనక్కర్లేదు. ఆ తరువాత తీరిగ్గా సోల్ గాయని అరీతా ఫ్రాంక్లిన్ 1972 జనవరిలో లాస్ ఏంజెలెస్ చర్చిలో రెండు రాత్రులు పాడి రికార్డు చేసిన ఆల్బమ్ మొత్తం వినండి. అందులో పియానో వాయిస్తూ బృందాన్ని నడిపిన జేమ్స్ క్లీవ్‌లాండ్ చిన్నప్పుడు పిల్‌గ్రిమ్ చర్చిలో డార్సీ కట్టిన పిల్లల బృందంలో పాడినవాడే. డార్సీ పాట కూడా అందులో ఉంది. ఆ రెండు రాత్రులనూ సినిమాగా కూడా తీశారు గానీ, మొదట చిత్రానికీ శబ్దానికీ పొంతన కుదరక, తరువాత అరీతాయే కోర్టుకెక్కడంతో 2018 దాకా బయటికి రాలేదు. ముందు ఆల్బమ్ వినండి, సినిమా తరువాత చూడవచ్చు.